గీత అక్కడ, గోడ ఇక్కడ

(మహాసభల్లో వృత్తి నిపుణుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకి ముందు మాట్లాడమనడం కత్తి మీద సాము లాంటిది. పైగా నాకిచ్చిన విషయం "ఆర్కిటెక్చరు, ఇంటీరియర్ డిజైను పనుల్లో దూరాన ఉన్న సహాయకులతో పని చేయడం". పులిహోర వాసన వస్తున్న వేళ ఇదేం విషయం అని మీరనుకోవచ్చు. కానీ ఈ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు బాగు చేయించుకున్నవాళ్ళే, లేదా చేయించుకోబోయేవాళ్ళే. వంటిల్లు పెద్దది చేద్దామనో, అత్తగారు మామగారు వస్తే ఉండటానికి అటక మీద ఒక గది వేద్దామనో ఆలోచన లేని తెలుగు ఇల్లు ఈ దేశంలో నాకు కనపడలేదు. ఆ ఇంటి బొమ్మ గీసే చెయ్యి ఇప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండే అవకాశం ఎంతైనా ఉంది. అందుకని ఇది మీ గోడకి సంబంధించిన సంగతి కూడా.

నేను లండను శివార్లలో ఒక చిన్న ఆఫీసు నడుపుతున్నాను. మేం కట్టేవి ఆకాశహర్మ్యాలు కావు. పాత ఇళ్ళకి వెనక గది కలపడం, అటక మార్చడం, వంటిళ్ళూ స్నానాల గదులూ తిరగ రాయడం, ఇదీ మా పని. ఆఫీసుకొస్తే కనపడేది ముగ్గురం. కనపడనివాళ్ళు ఇద్దరున్నారు. విజయవాడలో ఒక అమ్మాయి, హైదరాబాదులో ఒక అబ్బాయి. మేం టేపు పట్టి తెచ్చిన కొలతల్ని ప్లానుగా, ఎలివేషనుగా, సెక్షనుగా గీసేది వాళ్ళే. త్రీడీ బొమ్మ చేసేది వాళ్ళే. ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి, ఏ గదికి ఏ టైలు, ఎన్ని కుళాయిలు, ఎన్ని దీపాలు అని పట్టికలు రాసేదీ వాళ్ళే.

ఇది ఒక్క రోజులో వచ్చిన మార్పు కాదు. 1982లో ఆటోక్యాడ్ వచ్చేదాకా చాలామందికి గీత అంటే కాగితం మీద గీతే. కంప్యూటరులోకి ఎక్కాక దానికి ఓడ, విమానం అక్కర్లేకుండా పోయింది. 1998లో మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2008లో హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, అదే ఏడాది విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వచ్చాయి. 2016 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ప్రభుత్వం తన పెద్ద నిర్మాణ పనుల్లో కంప్యూటరు మోడలు తప్పనిసరి చేసింది. ఆపైన 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, పక్క వీధిలో ఉన్నవాడూ పక్క ఖండంలో ఉన్నవాడూ తెర మీద ఒకే సైజు డబ్బాలో కనపడటం మొదలైంది. ఆ రోజున చాలా చిన్న ఆఫీసులకి కనువిప్పు కలిగింది. మనిషి ఎదురుగా లేకపోయినా పని జరుగుతుందని.

అయితే మనదేశంలో గీసి ఇంగ్లండులో గది అలంకరించడం కంప్యూటరు కాలంలో పుట్టిన ఆలోచన కాదు సుమండీ. విక్టోరియా రాణి మూడో కొడుకు కన్నాట్ డ్యూక్‌కి సర్రీలో బ్యాగ్‌షాట్ పార్క్ అనే భవనం ఉండేది. 1880లలో ఆయన బిలియర్డ్స్ గదికి భారతీయ పద్ధతిలో చెక్క నగిషీ కావాలనుకున్నారు. లాహోరులోని మేయో స్కూల్ ఆఫ్ ఆర్ట్ ప్రిన్సిపాలు జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్, ఆయన శిష్యుడు భాయ్ రామ్ సింగ్ కలిసి ఆ డిజైను చేశారు. పంజాబు పనివాళ్ళు చెక్కిన పలకలు ఓడెక్కి ఇక్కడికొచ్చి గోడలకెక్కాయి. మన భాషలో చెప్పాలంటే అచ్చమైన ఆఫ్‌షోర్ ప్రాజెక్టు.

ఆ పని నచ్చి రాణిగారు తన ఐల్ ఆఫ్ వైట్ నివాసం ఆస్బర్న్ హౌస్‌లో ఒక దర్బారు గది వేయించాలనుకున్నారు. ఈసారి పద్ధతి మారింది. భాయ్ రామ్ సింగే 1891లో ఇంగ్లండు వచ్చి, ఆ గదిలో నిలబడి, పైకప్పు మీదా గోడల మీదా ఆ ప్లాస్టరు నగిషీ పనిని దగ్గరుండి నడిపించారు. రాణి తన చిత్రకారుడు రుడాల్ఫ్ స్వబోడా చేత ఆయన చిత్తరువు గీయించారు. ఆస్బర్న్ హౌస్ ఇప్పుడు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సంరక్షణలో ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూసి రండి. రామ్ సింగ్ తెలుగువాడు కాదు, సిక్కు. అయినా ఈ వృత్తిలో మన దేశం వాళ్ళందరికీ పెద్దన్న.

ఈ కథ చెప్పింది గొప్ప కోసం కాదు. ఇందులో నాకు రెండు సంగతులు కనపడ్డాయి. ఒకటి, మంచి పని రావాలంటే గీసే మనిషికి గది తెలియాలి. రెండు, ఆ మనిషికి ఒక పేరుండాలి. నేను ఈ పూట చెప్పదలచుకున్నదల్లా ఈ రెండే. మిగతాదంతా వీటికి వ్యాఖ్యానం.

మొదటిది చూద్దాం. రామ్ సింగ్ ఓడెక్కి రాగలిగారు. మా విజయవాడ అమ్మాయి రాలేదు. ఆమె హ్యారోలోని ఒక టెరస్ ఇంట్లో కాలు పెట్టలేదు, పెట్టే అవకాశం ఇప్పట్లో లేదు. మరి ఆమెకి ఆ ఇల్లెలా తెలుస్తుంది?

కొలతలు పంపాంగా, చాలదా అనుకుంటాం. చాలదు. ఒక ఉదాహరణ చెప్తాను. మన ఊళ్ళో ఈ రోజుల్లో కట్టే అపార్టుమెంట్లు, మేడలు చాలావరకు కాంక్రీటు కాలమ్‌లు, బీములతో లేచేవి. బరువంతా కాలమ్‌లది. మధ్యలో ఇటుక గోడ తెర లాంటిది. అది తీసేసినా మేడ పడిపోదు. అక్కడ చదువుకున్న పిల్లలకి కళ్ళు అలాగే అలవాటు పడతాయి. కాలమ్ కనపడితే ముట్టుకోరు, గోడ కనపడితే జరిపేస్తారు. ఇక్కడి విక్టోరియను కాలపు టెరస్ ఇల్లు దీనికి పూర్తిగా తలకిందులు. అందులో కాలమే ఉండదు. పై అంతస్తు చెక్క దూలాల్నీ, కప్పునీ మోసేది ఆ ఇటుక గోడలే.

మా దగ్గర చేరిన కొత్తల్లో ఆ అమ్మాయి వంటిల్లూ భోజనాల గదీ కలిపి చక్కటి ఓపెన్ ప్లాన్ గీసి పంపింది. మధ్య గోడ మాయం. తెర మీద చూడముచ్చటగా ఉంది. ఫోను చేసి, "ఆ గోడ పైన ఏముందమ్మా?" అని అడిగాను.

"పైనా మేడమ్? పైన పడక గది గోడ ఉంది."

"మరి దాన్నెవరు మోస్తారు?"

కాసేపు నిశ్శబ్దం. "అది ఇటుక గోడే కదా మేడమ్, కాలమ్ కాదు కదా!" అంది.

ఆ సమాధానంలో ఆమె తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆమె చదువు ఆమెకి చెప్పిన నిజమే అది. మన ఊరి నిజం ఈ ఊరి ఇంట్లో అబద్ధమైంది, అంతే. ఆ రోజు అరగంట కూర్చుని, వీధి గోడ నుంచి వెనక గోడ దాకా దూలాలు ఎటు పరుచుకుంటాయో, గోడ తీస్తే ఇంజినీరు లెక్క కట్టిన ఉక్కు బీము ఎందుకు పెట్టాలో, అది పక్కింటివాళ్ళతో పంచుకున్న గోడ మీద ఆనితే 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం వాళ్ళకి ముందుగా నోటీసు ఎందుకివ్వాలో చెప్పాను. ఆ తరువాత ఆమె ప్రతి ప్లానులోనూ గోడ తీసే ముందు పై అంతస్తు ప్లాను తెరిచి చూస్తుంది. నేను చెప్పక్కర్లేదు.

ఆ అరగంట ఖర్చు అనుకునేవాళ్ళున్నారు. అది పెట్టుబడి. గోడ తియ్యొద్దు అని ఎర్ర సిరాతో కొట్టేసి పంపితే ఆ ఒక్క గోడే ఆగుతుంది. ఎందుకు తియ్యకూడదో చెప్తే వంద గోడలు ఆగుతాయి. అందుకే నేను ఏ సవరణ పంపినా పక్కన "ఎందుకు" అని ఒక వరస రాస్తాను. దూరాన ఉన్న మనిషికి గీత ఒక్కటే పంపితే సరిపోదు, కారణం కూడా పంపాలి.

ఇలాంటి తేడాలు ఎన్నో. మన తొమ్మిదంగుళాల గోడ 230 మిల్లీమీటర్లు, నాలుగున్నర అంగుళాల గోడ 115. ఇక్కడి ఇటుక 215 పొడుగు, 102.5 వెడల్పు, 65 ఎత్తు. ఇప్పటి బయటి గోడేమో రెండు పొరలు. బయట ఇటుక, లోపల బ్లాకు, మధ్యలో చలి రాకుండా ఇన్సులేషను. మొత్తం 300 మిల్లీమీటర్లు దాటుతుంది. అలవాటు చొప్పున 230 గీస్తే ఒక్కో గోడ దగ్గర గది కాస్త పెద్దదైపోతుంది. కాగితం మీద పట్టిన ఫ్రిజ్జు ఇంట్లో పట్టదు.

పొగగూడు సంగతి ఇంకా తమాషా. ఇక్కడి పాత గదిలో గోడ మధ్య ముందుకు పొడుచుకొచ్చిన ఇటుక దిమ్మె ఉంటుంది కదా, దాన్ని మా హైదరాబాదు అబ్బాయి "దేవుడి గూడుకి భలే చోటు మేడమ్" అన్నాడు. ఆలోచన మంచిదే, దీపం కూడా పెట్టుకోవచ్చు. కానీ కింద గదిలో ఆ దిమ్మె తీసేస్తే పై అంతస్తులోనూ, కప్పు మీదా మిగిలిన పొగగూటి బరువు గాలిలో వేలాడుతుంది. దానికి ఆధారం కట్టాలి. ఫోటోలో ఆ బరువు కనపడదు.

ఇక మెట్లు. అటక మార్చే పనిలో తల నొప్పంతా మెట్ల దగ్గరే. ఇంగ్లండు నిబంధనల ప్రకారం ఇంట్లో మెట్టు ఎత్తు 220 మిల్లీమీటర్లు మించకూడదు. అడుగు పెట్టే వెడల్పు 220కి తగ్గకూడదు. ఇవి రెండూ పట్టికలో చదివి, చోటు కలిసొస్తుందని 220కి 220 గీశారనుకోండి. రెండు నిబంధనలూ పాటించినట్టే ఉంటుంది. కానీ మూడోది ఒకటుంది. మెట్ల వాలు 42 డిగ్రీలు దాటకూడదు. 220కి 220 అంటే 45 డిగ్రీలు! ఎత్తు 220 కావాలంటే వెడల్పు 245 దాకా రావాలి. అక్షరం చదివినవాడికి రెండు అంకెలు తెలుస్తాయి. నిండు చూలాలో, అటక మీది గదిలో పడుకున్న మామగారో రాత్రిపూట ఆ మెట్లు దిగుతారని తలచుకున్నవాడికి మూడో అంకె ఎందుకుందో తెలుస్తుంది.

ఇంతకీ మనవాళ్ళతో పని చేస్తే వచ్చే లాభం చెప్పకపోతే పాపం. ఇక్కడి తెలుగు కుటుంబానికి వంటిల్లు గీయమని ఇక్కడి డిజైనరుకిస్తే వైను సీసాల అర చక్కగా గీస్తారు. ఇరవై కిలోల బియ్యం బస్తా ఎక్కడ పెడతారో వాళ్ళకి తోచదు. మా అమ్మాయి అడగకుండానే కింద లోతైన సొరుగు గీసింది. వెట్ గ్రైండరుకి ప్లగ్గు, ఆవకాయ జాడీలకి చీకటి అర, తాలింపు ఘాటు పోవడానికి గొట్టాన్ని బయట గోడ దాకా తీసుకెళ్ళడం, ఇవన్నీ ఆమె సొంత తెలివి. హారతి ఇచ్చినప్పుడల్లా స్మోక్ అలారం మోగి పూజ ఆగిపోయే ఇళ్ళు మీలో ఎందరివో నాకు తెలుసు, నవ్వకండి. దేవుడి గూడు ఈశాన్యంలో కావాలంటే ఆమెకి వివరించక్కర్లేదు. టెరస్ ఇంటికి రెండు పక్కలా వేరేవాళ్ళ ఇళ్ళే, ఈశాన్యం జరపడం మన చేతిలో లేదని ఆమెకి నేను వివరించాలి. ఇలా ఒకరికి తెలియనిది ఇంకొకరు చెప్పుకుంటే బండి నడుస్తుంది.

రోజువారీ పద్ధతి కూడా నాలుగు మాటల్లో చెప్తాను. ఎండాకాలంలో మనకీ ఇంటికీ నాలుగున్నర గంటల తేడా, చలికాలంలో ఐదున్నర. ఇక్కడ తొమ్మిదికి మేం తలుపు తీసేసరికి అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. వాళ్ళు సాయంత్రం ఆరున్నరకి లేవాలి. అంటే కలిసి పని చేసే వేళ నాలుగైదు గంటలే. "మీ రాత్రి మా పగలు" అంటూ ఇక్కడి సాయంత్రం ఆరింటికి ఫోను చేసేవాళ్ళున్నారు. అప్పుడు అక్కడ రాత్రి పదిన్నర, పదకొండున్నర. నిద్ర కళ్ళతో గీసిన గీత పొద్దున మళ్ళీ గీయాల్సిందే. నేను మధ్యాహ్నం ఒంటిగంట లోపు చెప్పవలసింది చెప్పేసి, వాళ్ళని వదిలేస్తాను.

ఇంకొకటి, మన "సరేనండి" సంగతి. మనవాళ్ళు పెద్దవాళ్ళతో "అర్థం కాలేదు" అనరు. అనడం మర్యాద కాదని పెంచారు మనల్ని. ఫోనులో "సరే మేడమ్, సరే మేడమ్" అని పదిసార్లు వినపడితే పది చోట్ల అనుమానం ఉందని లెక్క. అందుకే "అర్థమైందా?" అని అడగడం మానేశాను. "నేను చెప్పింది నాకు తిరిగి చెప్పమ్మా" అంటాను. ఒక్కో పనికి కనీసం మూడు ప్రశ్నలు వాళ్ళు రాసి పంపాలి. ప్రశ్న లేకుండా వచ్చిన డ్రాయింగు చూడనని నియమం పెట్టుకున్నాను. మొదట్లో మొహమాటానికి ఏవో రాసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ ప్రశ్నలకి నేను పుస్తకాలు తిరగేయవలసి వస్తోంది. ఆ అమ్మాయి మొదట్లో "మేడమ్" అనేది, ఇప్పుడు "అక్కా" అంటోంది. ప్రశ్న అడగడం మొదలైన రోజుల్లోనే ఆ పిలుపూ మారింది.

ఇక బాధ్యత. ఇది శ్రద్ధగా వినండి, ముఖ్యంగా ఇల్లు బాగు చేయించుకోబోయేవాళ్ళు. ఈ దేశంలో 1997 నాటి చట్టం ప్రకారం ఇక్కడి ఆర్కిటెక్టుల రిజిస్ట్రేషను బోర్డులో పేరున్నవాళ్ళే ఈ వృత్తిలో ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. మన దేశంలో 1972 చట్టం కింద కౌన్సిల్‌లో పేరున్నవాళ్ళు అక్కడ ఆర్కిటెక్టులు. అది ఇక్కడ చెల్లదు. అలాగని బొమ్మ గీయడానికి మాత్రం అడ్డు లేదు, ఎవరైనా గీయవచ్చు. సరిగ్గా ఈ సందులోనే జనం పడిపోతున్నారు. "మా బావమరిది స్నేహితుడు హైదరాబాదులో చవగ్గా గీసిస్తాడు" అని మొదలవుతుంది. గీత చవకే. అది తప్పయితే ఎవరిని అడుగుతారు?

2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవరు తగలబడి 72 మంది పోయారు. 2024లో వచ్చిన విచారణ తుది నివేదిక చదివితే, అంతమంది నిపుణులున్న పనిలో ఎవరి బాధ్యత ఏమిటో స్పష్టంగా లేకపోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఆ ఘోరం తరువాత వచ్చిన మార్పుల్లో భాగంగా, 2023 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో భవన నిబంధనల కిందకొచ్చే ప్రతి పనిలోనూ డిజైను చేసేవాళ్ళకి తగిన అర్హత, అనుభవం ఉండాలి. చిన్న ఇంటి పనికీ ఇది వర్తిస్తుంది. అంతకు ముందే 2015 నాటి నిర్మాణ భద్రతా నిబంధనలు ఒక మాట చెప్పాయి. డిజైను దేశం బయట తయారైతే, దాన్ని ఇక్కడి నుంచి చేయించుకున్నవాళ్ళ మీద ఆ బాధ్యత పడుతుంది. అంటే విజయవాడలో గీసిన గీతకి సంతకం నాది, జవాబూ నాది. "అక్కడివాళ్ళు అలా గీశారండీ" అనే మాట నా నోటి వెంట రాకూడదు.

కాబట్టి మీరు మీ డిజైనరుని నాలుగు ప్రశ్నలడగండి. నా ఇల్లు ఎవరు వచ్చి చూస్తారు? గీసినదాన్ని ఇక్కడ ఎవరు సరిచూస్తారు? వృత్తి భీమా ఉందా, దూరాన గీసిన పనికి కూడా అది వర్తిస్తుందా? మా ఇంటి ఫోటోలు, ఫోను నంబర్లు, పిల్లల గది బొమ్మలు ఎవరెవరి కంప్యూటర్లలో ఉంటాయి? ఇంటి ఫోటో అంటే తాళం ఎక్కడుందో, నగల బీరువా ఎక్కడుందో చెప్పే కాగితం. మేం పేరూ చిరునామా తీసేసి, పనికి ఒక నంబరు పెట్టి, అవసరమైన ఫోటోలే పంపుతాం. ఇల్లు చూడటం మాత్రం దూరం నుంచి కుదిరే పని కాదు. లేజరు స్కాను గోడ వంకర చెప్తుంది. సింకు కింద చెమ్మ వాసన, బీరువా వెనక బూజు చెప్పదు. దానికి ముక్కున్న మనిషి వెళ్ళాల్సిందే.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. పేరు.

ఈ హాల్లో తలపండిన సాఫ్ట్‌వేరు మిత్రులు చాలామంది ఉన్నారు. 2000వ సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడినప్పుడు ఆ పని మీద వచ్చినవాళ్ళున్నారు. అంతకు ముందు హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చుని ఇక్కడివాళ్ళకి పని చేసినవాళ్ళున్నారు. అప్పుడు మనల్ని ఏమనేవారు? "రిసోర్స్" అనేవారు. "ఇద్దరు రిసోర్సులు కావాలి", "ఒక రిసోర్సుని తగ్గించండి". మన పేరు పలకడం కష్టమని శ్రీనివాస్‌ని శ్రీ అన్నారు, వెంకటేశ్వర్లుని వెంకీ అన్నారు. మనం రాసిన ప్రోగ్రాము మీద ఇంకొకరి పేరుంటే రాత్రి భోజనం దగ్గర ఇంట్లోవాళ్ళకి చెప్పుకుని ఊరుకున్నాం.

ఇప్పుడు కుర్చీ తిరిగింది. ఫోనుకి ఇవతలి వైపు మనం కూర్చున్నాం. అవతలి వైపు మన మేనకోడలి వయసు పిల్ల కూర్చుంది. "మా అక్కడి రిసోర్స్ గీస్తుంది లెండి" అనే మాట మన తెలుగు నోళ్ళలోంచే వింటున్నాను. అత్తరికం కోడలికి వచ్చినట్టయింది మన పని. మనకి నొప్పి కలిగించిన మాటని మనమే పట్టుకుని ఇంకొకరి మీదికి విసరడం న్యాయం కాదు.

ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూలన ఒక చిన్న పెట్టె ఉంటుంది. పని పేరు, తేదీ, కొలత, ఆపైన "గీసినవారు", "సరిచూసినవారు" అని రెండు గడులు. మా ఆఫీసు డ్రాయింగుల్లో "గీసినవారు" గడిలో విజయవాడ అమ్మాయి పూర్తి పేరుంటుంది. "సరిచూసినవారు" దగ్గర నా పేరుంటుంది. ఇల్లు గల వాళ్ళతో చివరి డిజైను మాట్లాడేటప్పుడు ఆమెని కూడా తెర మీద కూర్చోబెడతాను. ఇల్లు పూర్తయ్యాక ఫోటోలు ఆమెకి పంపుతాను. చాలామంది పంపరు. పాపం వాళ్ళు పదేళ్ళు గీసినా తాము గీసినదాంట్లో ఒక్కటైనా నిజంగా లేచిందో లేదో తెలియకుండానే గడిపేస్తారు. తాను గీసిన సొరుగులో నిజంగా బియ్యం బస్తా కూర్చున్న ఫోటో చూసి ఆ అమ్మాయి వాళ్ళమ్మగారికి చూపించిందట. ఆవిడ, "అంత దూరాన మన బస్తా!" అన్నారట.

దీన్ని దయ అనకండి, ఇందులో వ్యాపారం కూడా ఉంది. పేరు పెట్టిన చోట జాగ్రత్త పుడుతుంది. తన పేరు కింద తప్పు గీత వెళ్ళకూడదని మనిషి రెండోసారి చూసుకుంటుంది. జీతం అనుకున్న తేదీకి ఇవ్వడం, సంక్రాంతికి మూడు రోజులు ఫోను చేయకపోవడం, పని మానేసి వెళ్తుంటే అనుభవ పత్రంలో ఏమేం నేర్చుకుందో వివరంగా రాసివ్వడం, ఆమె గీసిన బొమ్మల్లో ఏవి తన పనిగా చూపించుకోవచ్చో ముందే కాగితం మీద ఒప్పందం రాసుకోవడం, ఇవన్నీ ఆ పేరుకి తోడుగా వచ్చేవే. ఆ పత్రం పట్టుకుని రేపు ఆమె ఇక్కడ పై చదువుకి రావచ్చు, అక్కడే సొంత ఆఫీసు పెట్టవచ్చు. పెడితే నాకు పోటీ వస్తుంది. రానీండి.

చివరగా, ఈ మధ్య అందరూ అడిగే ప్రశ్న. మాట చెప్తే బొమ్మ వేసే కృత్రిమ మేధ వచ్చాక ఇంకా ఈ పిల్లలెందుకు అని. నేనూ వాడుతున్నాను. సోఫా రంగు మార్చి చూపించమంటే క్షణంలో చూపిస్తుంది. అందమైన మెట్లు కూడా గీస్తుంది. ఆ మెట్ల వాలు 42 డిగ్రీలు దాటిందా, ఆ గోడ మీద ఏ బరువుందో అడిగితే, ధీమాగా తప్పు చెప్పగలదు కూడా. తప్పు చెప్పిందని పట్టుకోవడానికి తెలిసిన మనిషి కావాలి. ఉత్త గీతలు గీసే పని తగ్గుతుందన్నది నిజమే, దాచిపెట్టి లాభం లేదు. అందుకే మన పిల్లలకి గీత కన్నా కారణం నేర్పడం ఇప్పుడు మరీ అవసరం. గోడ ఎందుకుందో తెలిసిన అమ్మాయికి ఏ యంత్రం వచ్చినా పని ఉంటుంది. ఆ తెలివిడి ఆమెకి మనం ఇస్తున్నామా, లేక గంటకింత అని గీతలు కొనుక్కుని వదిలేస్తున్నామా అన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇక్కడ ఆఫీసులు నడుపుతున్నవాళ్ళందరికీ, ఒక్క ఆర్కిటెక్టులకే కాదు, లెక్కలు చూసేవాళ్ళకీ, వెబ్‌సైట్లు చేయించేవాళ్ళకీ, ఆస్పత్రి ఉత్తరాలు టైపు చేయించే డాక్టర్లకీ ఒక చిన్న మనవి. సోమవారం ఆఫీసుకి వెళ్ళాక, దూరాన మీకు పని చేస్తున్న మనిషి పేరు పూర్తిగా, సరిగ్గా రాయండి. ఎక్కడ రాయాలో మీ వృత్తిలో మీకే తెలుసు. తరువాత వారికి ఇవ్వబోయే పనికి ఎందుకో ఒక్క వాక్యం జోడించండి.

డైనింగు హాలు తలుపులు తెరుస్తున్న చప్పుడు వినపడుతోంది.  అటకలు, మెట్లు, దేవుడి గూళ్ళ గురించి సందేహాలుంటే భోజనాల దగ్గర దొరుకుతాను, ప్లానులుంటే తెచ్చుకోండి. పప్పు మరకలు పడినా ఫరవాలేదు.

సెలవు.